ఝాన్సీ దాటని కారు

మా అక్క హార్స్‌లీ కొండకు వస్తూ సంచి నిండా శెనక్కాయలు తెచ్చింది. అరవై దాటిన మనిషిని జీవితంలో మొదటిసారి ఊరికే చల్లగాలికి తీసుకుపోదామని, ఎండాకాలం సెలవుల్లో నాలుగు రోజులకు గది తీసుకుని, రాయదుర్గం బస్సు దిగిన ఆమెను అనంతపురంలో నా కారు ఎక్కించుకున్నాను. బట్టల సంచి కంటే ఈ సంచే పెద్దదిగా ఉంది. “ఏంటికక్కా ఇది? కొండమీద తిండి దొరకదనుకున్న్యావా?” అన్నాను. “తినేకి కాదులే. నాలుగు దినాలు చేతులు ఊరికే పెట్టుకోని యాడ కూచునేది?” అంది. కదిరి దాటేదాకా ఆ సంచి గురించే వాదించాను. నేను వాదనకు దిగితే అవతలివాళ్ళు గెలవడం అరుదు. మా అక్క వాదించదు, సంచి కూడా దించదు.

నా సంచిలో ఒక పుస్తకం ఉంది. దాని సంగతి అక్కకు అప్పటికి చెప్పలేదు. అనంతపురంలో పుస్తకాల ప్రదర్శన పెడితే వెళ్ళి, బల్లల మధ్య తిరుగుతుండగా, నున్నటి అట్టతో మళ్ళీ అచ్చువేసిన ఒక యాత్రా గ్రంథం చేతికి తగిలింది. ఎప్పటిదో కాలంలో ఒక కోస్తా పెద్దమనిషి భార్యను పక్కన కూర్చోబెట్టుకుని మద్రాసు నుంచి హిమాలయాల దాకా సొంత కారు తోలుకుంటూ పోయిన కథ. ముందుమాటలో ఒకాయన ఇది ప్రతి ఇంట్లో ఉండాల్సిన పుస్తకమని పన్నెండు పేజీలు రాశాడు. ఆ పన్నెండు పేజీల్లో కారు ఊసే లేదు గనక ఆయన ఇంట్లో ఇది లేదని నా అనుమానం. అట్టమీద బొమ్మలో కారు మరీ కొత్తది, రోడ్డు మరీ నున్నటిది. పక్కన పెట్టేయబోతూ మధ్యలో ఒక పేజీ తెరిచాను. రచయిత భార్య ఒళ్ళో ఆవకాయ జాడీ పెట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా జాడీని రెండు చేతులా పొదివి పట్టుకుని మొగుణ్ణి తిడుతోంది. ఆ జనంలో, నిలబడ్డచోటే, నా ముక్కుకు వేపాకు వాసన తగిలింది.

మా ఇంట్లో ఉండిన ప్రతికి అట్ట లేదు, మొదటి నాలుగు పేజీలు లేవు. అందువల్ల ఆ పుస్తకం పేరు గానీ రాసినాయన పేరు గానీ మాకెవరికీ తెలియదు. మాకు ఆయన కారాయన, ఆమె జాడీయమ్మ. నాయన ఒకసారి బళ్ళారి సంతలో బెల్లం కట్టించుకుంటున్నప్పుడు, పొట్లాలకు చించడానికి పెట్టుకున్న పాత కాగితాల్లో తెలుగు అక్షరాలు కనబడితే అడిగి తెచ్చాడట. మొదటి నాలుగు పేజీలు అంతకు ముందే ఎవరి బెల్లానికో చుట్టుకుని పోయి ఉంటాయి.

గుమ్మఘట్టకు నాలుగు మైళ్ళ దూరంలో మా ఊరు. రోహిణి కార్తె ఎండలకు మిద్దె మీద కాలు పెట్టలేని రోజుల్లో, బడికి సెలవులిచ్చాక, మా అవ్వ లోపలి గదిలోంచి విత్తనం మూటలు ఒక్కొక్కటే బయటికి తీయించేది. శెనక్కాయలు చేత్తో ఒలిచి విత్తనం చేసుకోవడం అప్పట్లో ఇంటింటి పని. మిషనుకు వేస్తే పప్పు పగులుతుంది, పగిలింది మొలవదు, పైనున్న ఎర్రపొర గీసుకున్నా మొలవదు. మరీ ముందుగా ఒలిచి పెట్టుకుంటే పురుగు పడుతుంది. వాన పడ్డాక ఒలుద్దామంటే నేలలో పదును ఆరిపోతుంది. కాబట్టి రోజూ కొంచెం కొంచెంగా, ఆకాశం వైపు ఒక కన్నేసి, ఒలవాలి. పడసాలలో బండల మీద గోతాలు పరిచి అమ్మ, నేను, మా చిన్నాయన పిల్లలిద్దరు చుట్టూ కూర్చునేవాళ్ళం. రెండో రోజుకే బొటనవేళ్ళు వాచేవి. గోనెసంచుల దుమ్ము గొంతుకు పట్టేది. ఆ దుమ్ములోనే పచ్చి పప్పు కమ్మదనం ముక్కుకు తగులుతూ ఉండేది. అదే అసలు బాధ.

విత్తనం తినకూడదు. నేను పెద్దయ్యాక ఎన్నో నీతులు విన్నాను, కొన్ని క్లాసులో చెప్పాను కూడా, కానీ ఇంత గట్టి నీతి మరొకటి చూడలేదు. గుప్పెడు పప్పు నోట్లో వేసుకుంటే చేనులో ఒక సాలు ఖాళీ. ఊర్లో మిగతా అవ్వలు పిల్లల దవడలు నొక్కి నోరు తెరిపించి చూసేవాళ్ళు. మా అవ్వ పద్ధతి వేరు. ఆమెకు అక్షరం ముక్క రాదు గానీ పుస్తకం దేనికి పనికొస్తుందో బాగా తెలుసు. అక్క పుస్తకం పైకి చదవాలి. చదివే నోరు తినలేదు. కథలో ఊరి పేరు వచ్చినప్పుడల్లా మేమందరం గట్టిగా ఆ పేరు అనాలి. ‘ఊఁ’ కొడితే కుదరదు. నోటి నిండా పప్పుతో కూడా ఊఁ కొట్టవచ్చని ఆమెకు తెలుసు. పప్పు బుగ్గన పెట్టుకుని ‘బెజవాడ’ అనండి చూద్దాం. ఒకసారి నేను దొరికిపోయాను. అందరూ “నాగపూర్” అంటే నా నోట్లోంచి ఇంకేదో వచ్చింది. అవ్వ చేతిలో కాయ కింద పెట్టకుండానే, “ఏం పాపా, నాగపూర్‌లో ఏం తింటాండావు?” అంది. ఆ సెలవులంతా చిన్నాయన పిల్లలు నన్ను నాగపూర్ అని పిలిచారు.

నాకు దేశపటం బడిలో రాలేదు, అక్కడ వచ్చింది. నెల్లూరు, ఒంగోలు, బెజవాడ, హైదరాబాదు, నిర్మల్. ఇప్పటికీ ఎవరైనా ఆ ఊళ్ళ పేర్లు వరసగా చెబితే నా బొటనవేళ్ళు కదులుతాయి. అవ్వకు మాత్రం ఊళ్ళతో పని లేదు, నీళ్ళతో పని. కారాయన కృష్ణ దాటినా గోదావరి దాటినా అక్కను ఆపేది. “ఎంత వెడల్పన్న్యాడు? మళ్ళా చదువు.” అక్క మళ్ళీ చదివేది. “అన్ని నీళ్ళు పెట్టుకోని ఆ మనుషులేం చేస్తారు?” అని అడిగేది. “తాగుతారవ్వా” అనేదాన్ని నేను. “తాగినంక?” అనేది. ఒక చోట కారాయన కాలువ పక్కన ఆపి బిందెలతో తెప్పించి కారు కడిగించాడు. “కారేమన్నా ఎనుమా, కడిగేకి?” అని అవ్వ ఆ పూటంతా ఆయన మీద అలిగింది. జాడీయమ్మ మాత్రం అవ్వకు నచ్చింది. మొగుడు పొగిడిన ప్రతి గుడినీ, ప్రతి కోటనూ చూసి కాళ్ళు నొప్పులని ఆమె సణిగేది కదా, “బుద్ధున్న మనిషి” అనేది అవ్వ.

పుస్తకం ఉండే చోటు విత్తనం గదిలోని ట్రంకుపెట్టె. పురుగు రాకుండా విత్తనంలో వేసే వేపాకే పుస్తకం మీదా పరిచేవాళ్ళు. తాళంచెవి అవ్వ నడుముకు. పిల్లలు ముందే చదివేసుకుంటే ఒలిచే చోట కూర్చోరని ఆమె భయం. న్యాయమైన భయమే. వాన పడిన రోజుతో పుస్తకం మూత. ఇంటిల్లిపాదీ చేను దారి పట్టేవాళ్ళు. మళ్ళీ ఏడాది పెట్టె తెరిచినప్పుడు ఆగిన చోటి నుంచి చదువుతామంటే అవ్వ ఒప్పుకునేది కాదు. “నడమ ఎక్కేకి మనమేమన్నా బస్సు తప్పినోళ్ళమా? మొదుటి నుంచి చదువు” అనేది. అందుకని మంచి వానల ఏడు కారు నిర్మల్ దాటేది కాదు. ఒక్క ఏడాది నాగపూర్ చేరింది. కారు ఎంత ముందుకు పోతే పెద్దవాళ్ళ ముఖాలు అంత నల్లబడేవి. వాన ఆలస్యమైతేనే కారు నడుస్తుంది. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. నేను చెప్పేది నా తొమ్మిదో ఏటి మాట. నాకు మంచుకొండలు చూడాలని ఉండేది. మొదట్లోనే కారాయన మంచుకొండల దాకా పోతానని భార్యకు మాటిచ్చాడు. నీళ్ళు గట్టిపడి కొండలాగా నిలబడతాయంటే, చెరువులో కూడా నీళ్ళు చూడని పిల్లకు ఆశ పుట్టదా?

ఆ ఏడాది మబ్బు రాలేదు. కారు నాగపూర్ దాటింది. నాగపూర్ తర్వాతి ఊళ్ళ పేర్లు మేము మొదటిసారి నోట పట్టుకున్నాం. జబల్‌పూర్ దగ్గర నర్మద పొంగి, మూడు రోజులు వాన ఆగక, కారు ఒక సత్రం ముందు నిలబడిపోయింది. అక్కడ అక్క చదువుతూ చదువుతూ ఆగింది, దగ్గింది, చెంబెత్తి గుక్కెడు నీళ్ళు తాగింది. తర్వాత చదివింది: కారాయన వానలోకి దిగి రెండు చేతులెత్తి దండం పెట్టాడు, జాడీయమ్మ ఖాళీ అయిన జాడీలన్నీ తెచ్చి చూరు కింద పెట్టింది. అవ్వ చెంగుతో కళ్ళు తుడుచుకుని, “మంచోడే. కోస్తాయన అయినా మంచోడే” అంది. ఆ మాట విని నాకు భయమేసింది. వాన గురించి ఇంత ఇష్టంగా మాట్లాడితే నిజంగానే వస్తుందేమో, వస్తే కారు జబల్‌పూర్‌లోనే ఆగిపోతుందేమోనని.

మరుసటి రోజు ఊర్లో పిల్లలందరం కప్పను తిప్పాలని పెద్దవాళ్ళు చెప్పారు. రోకలికి తడిగుడ్డలో కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికీ మోసుకుపోతే ఆడవాళ్ళు దాని మీద చెంబెడు నీళ్ళు పోస్తారు. కప్ప అరిస్తే వాన. ఆ కరువులో కప్పను దొరికించుకోవడానికే సగం పొద్దు పట్టింది. ఎండిపోయిన మోటబావి అడుగున ఒక బండ కింద ఒకటే ఒకటి దొరికింది. రోకలి ముందు కొస అక్క భుజం మీద, వెనక కొస నా భుజం మీద. నేను పొట్టి గనక మూట మెల్లగా నా వైపు జారుతూ వచ్చింది. కప్ప లోపల తన్నుతూనే ఉంది. రెండో వీధి మలుపులో, ఒక ఇంటి ముందు అందరూ పాట పాడుతూ గొడవగా ఉన్నప్పుడు, నీళ్ళ కుండలు పెట్టే బండ పక్కన ఇంత తడి కనబడింది. నేను ముడి వదులు చేశాను. కప్ప తడిలోకి దూకింది, ఒక్క క్షణం అక్కడే కూర్చుంది, బండ కిందికి పోయింది. నేను మండలు సర్దేశాను. తర్వాత పదకొండు ఇళ్ళు తిరిగాం. పదకొండు ఇళ్ళవాళ్ళూ తాగే నీళ్ళలోంచి చెంబెడు తెచ్చి ఉత్త వేపాకు మీద పోసి దండం పెట్టారు.

వాన రాలేదు. కారు నడిచింది. ఇంకో వారానికి ఝాన్సీ చేరింది. అక్కడి నేలంతా రాళ్ళ గుట్టలని, ఆడవాళ్ళు బిందెలెత్తుకుని బారులు కట్టి ఎంతో దూరం నడుస్తున్నారని కారాయన రాశాడు. అవ్వ నీళ్ళు ఎంతని అడగలేదు. “ఆడా మన మాదిరే ఉండారు పాపం” అంది. మర్నాడు పొద్దున నిద్ర లేచేసరికి ఇల్లంతా కమ్మటి వాసన. అవ్వ పొయ్యి ముందు కూర్చుని మంగలంలో శెనక్కాయ విత్తనం వేయిస్తోంది. చేటలో పోసి మా మధ్య పెట్టింది. “తినండి. ఈ పొద్దు ఊర్ల పేర్లు చెప్పే పనిలేదు” అంది. మేము ముగ్గురం ఎగబడ్డాం. అక్క మాత్రం గోడకానుకుని కూర్చుని ఒక్క పలుకు కూడా ముట్టలేదు. నా బతుకులో అంత రుచిగల శెనక్కాయలు నేను మళ్ళీ తినలేదు. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఆ ఏడు అక్క పదో తరగతికి పోవాల్సింది. పోలేదు. రాయదుర్గంలో మేనత్త ఇంట్లో ఉండి, నీలం గుడ్డతో ప్యాంట్లు కుట్టే చోట మిషను ముందు కూర్చుంది. పండక్కి ఇంటికొస్తే గోళ్ళ సందుల్లో నీలం రంగు ఉండేది. ఆమె కుట్టింది, నేను చదివాను. కాలేజీలో, పై చదువుల్లో, ఉద్యోగంలో చేరేదాకా నా వెనక ఉన్నది ఆ నీలం వేళ్ళే. పుస్తకం సంగతి వేరుగా చెప్పక్కర్లేదు. విత్తనం లేని ఏడు పెట్టెలో వేపాకు వెయ్యడం ఎవరికీ గుర్తు రాలేదు. అడుగు తుప్పుపట్టిన పెట్టెలోకి చెదలు ఎక్కి, కారును, జాడీని, ఝాన్సీ తర్వాతి ఊళ్ళన్నిటినీ తినేశాయి. ఆ మరుసటేడు అవ్వ పోయింది. ఇప్పుడు విత్తనం ఒలిచే వస్తుంది, బస్తాల్లో, రంగు మందు పట్టించి. పిల్లలు తింటారనే భయం కూడా లేదు, విషం గనక. 

నేను అర్థశాస్త్రం పాఠాలు చెప్పి బతికే మనిషిని. మా కాలేజీలో బోరు వెయ్యడానికి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్ళు చూసే ఆయన్ను పిలిపిస్తే, ఆవరణలో అందరి ముందూ ఆయనతోనూ ప్రిన్సిపాలుతోనూ పోట్లాడినదాన్ని. వాన ఎందుకు పడుతుందో, మా జిల్లాలో ఎందుకు పడదో గంటసేపు చెప్పగలను. అయినా కప్ప దగ్గరికి వచ్చేసరికి ఆ గంట పాఠం పనికిరాలేదు. అక్క గోళ్ళు చూసినప్పుడల్లా బండ పక్కన తడిలో కూర్చుని నావైపు చూసిన కప్పే గుర్తొచ్చేది. ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారని కాదు, అక్క నవ్వదేమోనని.

కొండమీద గది వరండాలో నీలగిరి చెట్ల గాలి వీస్తోంది. అక్క చేట అడిగి తెప్పించుకుని కాయలు ముందు పోసుకుంది. కోతులు ప్రహరీ మీద వరస కట్టాయి. “ఇంత దుడ్లు పోసి ఈడికొచ్చింది కోతులకు కాపలా ఉండేకా?” అంది అక్క. నలభై ఏళ్ళు నీలం గుడ్డ మీద కళ్ళు పెట్టి కుట్టడం వల్ల ఆమెకు చూపు బాగా తగ్గింది. అచ్చు అక్షరాలు చీమల బారులాగా కనిపిస్తాయట. నేను పుస్తకం తీసి ఏమీ చెప్పకుండా జాడీ పేజీ పైకి చదివాను. ఆమె చేతిలో కాయ పగలకుండా ఆగిపోయింది. “యాడ దొరికె?” అంది. చెప్పాను. పుస్తకం చేతిలోకి తీసుకుని, అట్ట తడిమి, వాసన చూసి, “వేపాకు లేదు” అని నవ్వింది.

“మొదుటి నుంచి చదువు” అంది. నాకు తొందర. “నాగపూర్ దాకా నీకూ నాకూ నోటికొచ్చిందే కదక్కా. ఉండేది నాలుగు దినాలు. ఆణ్ణుంచి పోదాం” అని వాదించి నాగపూర్ దగ్గర మొదలుపెట్టాను. నేను చదువుతుంటే ఆమె ఒలుస్తూ ఊళ్ళ పేర్లు తనకు తెలియకుండానే అంటోంది. ఎంత బాగుందో ఆ పుస్తకం! చిన్నప్పుడు నేను విన్నది ప్రయాణం మాత్రమే. ఇప్పుడు చదువుతుంటే, ఆ పెద్దమనిషికి పదిమైళ్ళకోసారి దారి తప్పడం, తప్పిన ప్రతిసారీ తప్పు పటానిదని భార్యతో చెప్పడం, ఆమె నమ్మినట్టు ఊరుకోవడం, ఎంత చల్లటి సంసారమో అనిపించింది. రెండో రోజు పొద్దున నర్మద దగ్గరికొచ్చాం. దండం పెట్టే చోటు వస్తుందని గొంతు సవరించుకుని చదివితే, అక్కడ దండం లేదు. కారాయన సత్రం గుమ్మంలో నిలబడి వానను తిడుతున్నాడు. అరపేజీ తిట్టాడు. పనికిమాలిన వాన, ప్రయాణం చెడగొట్టిన వాన, ఇంత వాన ఎవరికి కావాలని. జాడీలూ లేవు, చూరూ లేదు.

నేను తలెత్తేసరికి అక్క నవ్వుతోంది. “అది నేను మార్చినా” అంది. “నెలదినాలుగా మొగులు పక్క చూస్తాండె ముసలామె. ఆ తిట్లు ఆమెకు చదివి వినిపిచ్చేదా? పుస్తకం పొయ్యిలో పెట్టుండు.”

“అప్పటికప్పుడు కల్పించినావా? అంతా?”

“నీళ్ళు తాగలా? ఆ గుక్కలోనే.”

అంతే, నా నోరు ఆగలేదు. నలభై అయిదేళ్ళుగా మోసిందంతా అక్కడ, కోతుల ముందర, చెప్పేశాను. ముడి వదులు చేసింది, కప్ప బండ కిందికి పోయింది, పదకొండు ఇళ్ళు, ఉత్త వేపాకు, నీ పదో తరగతి, నీ గోళ్ళు, అన్నీ. అక్క కాయలు ఒలుస్తూనే విన్నది.

“నాకు తెలుసు” అంది.

“ఏం తెలుసు?”

“కప్ప పోయిందని. రోకలికి ఈ కొసాన నేనుంటి కదమ్మా. అది తన్నేది నిలిచిపోతే నా భుజానికి తెలీదా?”

“మరి చెప్పలేదేమక్కా!” అని అరిచాను. ఒక కోతి గోడ దిగి పారిపోయింది.

“చెప్తే అవ్వ నిన్ను బతకనిచ్చునా? అదీగాక...” అని కాయ విదిలించి, “నాకూ మంచుకొండలు చూడాలనే ఉండె” అంది.

తర్వాత ఆమే అంది, అన్నం వడ్డించేటప్పటి గొంతుతో. “పిచ్చిదానా, గుమ్మఘట్టోళ్ళు కప్పను తాడేసి గట్టిగానే కట్టినారు కదా. ఆడ పడిందా వాన? రాయదుర్గంలో పడిందా? ఇంత చదువుకున్న్యావు, పక్కూరిని అడగాలని తోచలా నీకు?”

తోచలేదు. అందరినీ అన్నీ అడిగే నాకు ఆ ఒక్క ప్రశ్న తోచలేదు. ఏడుస్తూనే నవ్వుతూ, ఇక ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. అక్క చేతిలో కాయ కింద పెట్టింది. ఒలిచేటప్పుడు ఆమె కాయ కింద పెట్టడం నేను ఎప్పుడూ చూడలేదు.

“కప్ప సంగతి వదిలిపెట్టు. నాకు కోపం దాని మీద లేదు. బడి పోయినందుకు ఏడ్చినా, అది నిజం. మేనత్త ఇంట్లో పడుకోని, ఝాన్సీ తరువాత ఏ ఊరొచ్చునో అని తలుచుకుంటా ఉంటి. నువ్వు కాలేజీకి పోతివి. మీ కాలేజీలో పుస్తకాలు మిద్దె కప్పు దాకా ఉండాయని నువ్వే చెప్తివి. ఎప్పుడన్నా తెస్తుందిలే, చదివి వినిపిస్తుందిలే అనుకుంటా ఉంటి. ఒక్కనాడన్నా వెదికినావా?”

“పేరు తెలీదు కదక్కా. అట్ట లేని పుస్తకం, రాసినాయన ఎవరో...”

“కారులో మంచుకొండలకు పోయినాయన పుస్తకం యాడుందని నోరు తెరిచి అడగలేవా? ప్రతిదానికీ అడుగుతావే!”

కప్పను తలుచుకుని బాధపడటం ఎంత సుఖమో నాకప్పుడు అర్థమైంది. తొమ్మిదేళ్ళ పిల్ల చేసిన తప్పును ఎంతకాలమైనా మోయవచ్చు, బరువుండదు. ముప్పై ఏళ్ళుగా పుస్తకాల గదికి రోజూ పోయి వస్తూ, చదువంటే ప్రాణమున్న మనిషి రాయదుర్గంలో మిషను ముందు ఒక కథ మిగతా సగం కోసం చూస్తోందని గుర్తు రాకపోవడం, అది పెద్దయ్యాక చేసిన తప్పు. నేను వెళ్ళినప్పుడల్లా చీరలు తీసుకుపోయాను, మందులు తీసుకుపోయాను. ఒక్కసారి కూడా పుస్తకం తీసుకుపోలేదు. “తప్పేనక్కా” అన్నాను. నా నోట ఆ మాట వినడం కొత్త గనక ఆమె ఇంకోసారి చెప్పమంటుందేమో అనుకున్నాను. “సరే, చదువు. ఝాన్సీ రానీ” అంది.

ఝాన్సీ వచ్చింది, పోయింది. ఆ పేజీ తిప్పేటప్పుడు ఇద్దరికీ వేయించిన విత్తనం వాసన వచ్చినట్టుంది. గ్వాలియర్, ఆగ్రా, మథుర. ఒక్కొక్క పేరూ అక్క గట్టిగా, బడిపిల్ల లాగా చెప్పింది. ఢిల్లీలో కారుకు జబ్బు చేసి నాలుగు రోజులు ఆగితే విసుక్కుంది. హరిద్వారంలో గంగ వర్ణన రాగానే చెయ్యెత్తి ఆపింది. “ఎంత వెడల్పన్న్యాడు? మళ్ళా చదువు.” మళ్ళీ చదివాను. “అవ్వ ఉండుంటే” అని మాత్రం అంది. మేము కొండ చుట్టుపక్కల చూడాల్సిన చోట్లు ఒక్కటీ చూడలేదు. గది చూసుకునే మనిషి రెండుసార్లు వచ్చి సూర్యాస్తమయం బాగుంటుందని చెప్పి, మా అక్క చూపు చూసి వెళ్ళిపోయాడు.

నాలుగో రోజు ఫలహారం అయ్యాక చివరి అధ్యాయం. కొండదారిలో కారు పొగలు కక్కుతూ పీపల్‌కోటి అనే ఊరు చేరింది. అక్కడితో కారు పోయే రోడ్డు అయిపోయింది. పైకి పోవాలంటే నడవాలి. జాడీయమ్మ నడవనంది. ఇద్దరూ ఒక బండ మీద కూర్చుని, ఎదురుగా ఎండలో మెరుస్తున్న మంచుకొండను చూస్తూ, జాడీ అడుగున మిగిలిన ఆవకాయను గీకి అన్నంలో కలుపుకుని తిన్నారు. కారాయన కారు వెనక్కి తిప్పాడు. అంతే పుస్తకం. ఆ ఊరి పేరు చదివి, అక్క అంటుందని ఆగాను. చప్పుడు లేదు. తలెత్తి చూస్తే, ఆమె చేటలోని పప్పు గుప్పెడు తీసి నోట్లో పోసుకుంది. రెండు బుగ్గలూ ఉబ్బి ఉన్నాయి. కళ్ళు ఎదురుగా ఉన్న కొండల మీద ఉన్నాయి.

“అక్కా, ఊరి పేరు” అన్నాను.

ఆగమన్నట్టు చెయ్యి చూపించింది. తొందరపడకుండా, చివరి పలుకు దాకా నమిలింది. అది చూసి నేనూ పుస్తకం మూసి, చేటలోకి చెయ్యి పెట్టాను. అక్క నా చేతి మీద ఒకటి వేసింది.

“చదివేటోళ్ళు తినగూడదు” అంది. “మనకు లేని ఆ మొదుటి నాలుగు పేజీలు తియ్యి.”